జాన్సన్ క్రీక్: రాతి గట్ల వాగు

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరపు ఆగ్నేయ భాగం గుండా సాగి విల్లమెట్ నదిలో కలిసే జాన్సన్ క్రీక్ అనే వాగును, 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులకు పని కల్పించిన డబ్ల్యూపీఏ అనే సమాఖ్య సంస్థ కూలీలు వెడల్పు చేసి, గట్లకు రాళ్లు పేర్చారు. ఉపాధి పథకంగా దాన్ని తప్పుపట్టలేం గానీ, వరద మైదానం, అంటే పొంగిన నీరు పరుచుకొని నెమ్మదించే పల్లపు నేల, వాగుకు దూరం కావడంతో ముంపు ఆగలేదు సరికదా, ప్రవాహపు ఉరవడి మరింత పెరిగింది. 1997 నుంచి నగరపాలక సంస్థ, అమ్మడానికి ఇష్టపడిన యజమానుల దగ్గర మాత్రమే ముంపు స్థలాలు కొంటూ, విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా గ్రాంటు కూడా సంపాదించి, ఫాస్టర్ రోడ్డు పక్కన 63 ఎకరాల నేలను తిరిగి వాగుకు అప్పగించింది. ఆ పని 2012లో పూర్తయింది.