ఖాళీ చెక్కుకు దొరకని కారు

1969 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్-బెంజ్ ఒక నారింజ రంగు కారును నిలబెట్టింది. పేరు సి111. చూసి ఇంటికెళ్లిన శ్రీమంతులు కొందరు చెక్కు పుస్తకం తీసి, సంతకం చేసి, అంకె వేయకుండానే స్టట్‌గార్ట్‌కు పంపారు. ధర మీరే రాసుకోండి, కారు మాత్రం మాకివ్వండి అని. కంపెనీ ఒక్కరికీ ఇవ్వలేదు.

ఈ ముచ్చట చదివిన రోజునుంచి ఆ కారు నా మనసులో తిష్ఠ వేసింది. కొనేవాడు సంతకం చేసిన చెక్కుతో గుమ్మంలో నిలబడితే వద్దన్న వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? అమ్మనిదానికి అంత శ్రమపడి కారు చేయడం ఎందుకు? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే, షోరూం మొహం చూడని కార్ల వంశవృక్షమే బయటపడింది.

ముందు సి111 సంగతి. ఫైబర్ గ్లాస్ ఒళ్లు. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు. ఇంజను సీట్ల వెనకాల. ఆ ఇంజన్లో పిస్టన్లు లేవు. ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్ రూపకల్పన చేసిన రోటరీ ఇంజను అది. మామూలు ఇంజన్లో పిస్టన్ కిందికీ పైకీ కొట్టుకుంటుంది. ఇందులో అంచులు ఉబ్బిన ముక్కోణం దిమ్మ ఒకటి, రుబ్బురోట్లో పొత్రం గోడలను రాసుకుంటూ తిరిగినట్టు, గదిలో గుండ్రంగా తిరుగుతుంది. కుదుపు తక్కువ, బరువు తక్కువ. తొలి సి111లో అలాంటి దిమ్మలు మూడు. శక్తి 280 హార్స్‌పవర్, వేగం గంటకు 260 కిలోమీటర్లు. ఆరు నెలలు తిరిగేసరికి, 1970 మార్చిలో, జెనీవాకు రెండో రూపం వచ్చింది. దిమ్మలు నాలుగయ్యాయి, శక్తి 350కి చేరింది, వేగం 300 తాకింది. దాని మీది రంగుకు కంపెనీ పెట్టిన పేరు వైస్‌హెర్బ్‌స్ట్. అది జర్మనీలో దొరికే ఒక రకం గులాబీ రంగు ద్రాక్షసారాయి పేరు.

అంత అందగత్తె పెళ్లిపీటల దాకా ఎందుకు రాలేదంటే, లోపం ఆ పొత్రంలోనే ఉంది. ముక్కోణం కొసల్లో ఉండే సీళ్లు త్వరగా అరిగిపోయేవి. పెట్రోలు విపరీతంగా తాగేది. కాలకుండా మిగిలిన ఇంధనం పొగలో కలిసి పోయేది. అమెరికాలో పొగ చట్టాలు బిగుసుకుంటున్న కాలమది. 1973లో చమురు సంక్షోభం కూడా వచ్చి పడింది. అప్పటికి మెర్సిడెస్ తనకు కావలసిన జవాబు తెలుసుకుంది: ఈ ఇంజను మన కార్లకు పనికిరాదు. ఆ ఒక్క జవాబు కోసమే ఇంత కారు చేశారన్నమాట. చేతి నిండా డబ్బున్నవాళ్లకు దొరకని ఆ కారు పిల్లలకు మాత్రం దొరికింది. బ్రిటన్ బొమ్మల కంపెనీ కోర్గీ అరచేతిలో ఇమిడే సి111ను చేసి అమ్మింది.

ఈ కారు వెనక పెద్ద దిక్కు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్. ఆయన పేరు వచ్చిందంటే నేను 1955లోకి జారిపోతాను. అక్కణ్ణుంచి లేవబుద్ధి కాదు.

ఊలెన్‌హౌట్ 1906లో లండన్లో పుట్టాడు. తల్లి ఇంగ్లీషావిడ. వృత్తికి ఇంజనీరు, కానీ పేరున్న పందెగాళ్లతో సమానంగా కారు తోలేవాడు. హువాన్ మాన్యుయెల్ ఫాంజియో అంతటివాడు ఒకసారి కారు సరిగ్గా లేదని విసుక్కుంటే, అప్పుడే భోజనం ముగించి వచ్చిన ఊలెన్‌హౌట్ కోటూ టైతోనే ఎక్కి, ఫాంజియో కన్నా తక్కువ సమయంలో చుట్టు చుట్టి వచ్చాడని కథగా చెప్పుకుంటారు.

ఆయన చేతి మీదుగా వచ్చిన పందెం కారు 300 ఎస్ఎల్ఆర్. 1955 మే 1న ఇటలీలో మిల్లె మిలియా పందెం. బ్రెషా నుంచి రోముకు వెళ్లి మళ్లీ బ్రెషాకు రావాలి, దాదాపు 1,600 కిలోమీటర్లు, అన్నీ మామూలు ఊళ్ల రోడ్లే. స్టర్లింగ్ మాస్ తోలుతుంటే పక్కన డెనిస్ జెంకిన్సన్ అనే గడ్డం పాత్రికేయుడు. ఆయన చేతిలో ఒక అల్యూమినియం పెట్టె, అందులో 18 అడుగుల కాగితం చుట్ట. మన ఇళ్లలో పాత జాతకం చుట్టను విప్పినట్టు దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ, ముందు వచ్చే ప్రతి మలుపునూ చదివేవాడు. ఇంజను హోరులో మాట వినపడదు కనక చేతి సైగలతోనే చెప్పేవాడు. ఉదయం 7 గంటల 22 నిమిషాలకు బయల్దేరారు కాబట్టి కారు మీద అంకె 722. పది గంటల ఏడు నిమిషాల్లో ముగించారు.

ఆరు వారాలు తిరక్కుండానే ఆ సంతోషం బూడిదయింది. జూన్ 11న ఫ్రాన్సులో లె మాన్ పందెంలో పియెర్ లెవె తోలుతున్న 300 ఎస్ఎల్ఆర్ మరో కారును తాకి గాల్లోకి లేచి జనం మీద పడింది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివరికి మెర్సిడెస్ పందేలనుంచి తప్పుకుంది.

అప్పటికే, వచ్చే ఏడాది పందేల కోసమని, అదే కారుకు పైకప్పు వేసి రెండు కూపేలు తయారుచేసి ఉంచారు. పందేలే లేకపోయాక వాటికి పనేముంది? ఊలెన్‌హౌట్ ఒకదాన్ని ఆఫీసు కారుగా వాడుకున్నాడు. గంటకు 290 కిలోమీటర్లు పోగల బండి అది. చెవులు చిల్లులు పడకుండా పక్కన పెద్ద సైలెన్సర్ ఒకటి తగిలించారు. మ్యూనిక్ నుంచి స్టట్‌గార్ట్ దాదాపు 230 కిలోమీటర్లు. ఒకసారి ఆలస్యమై, ఆ దూరాన్ని గంట దాటీ దాటకుండా వచ్చేశాడని అంటారు. ఆ కారుకు ఊలెన్‌హౌట్ కూపే అన్న పేరే నిలిచిపోయింది.

ఇలాంటి బంధువులు ఇంకా ఉన్నారు. ఇంగ్లండులో జాగ్వార్ లె మాన్ కోసం ఎక్స్‌జే13 చేసింది. గీత మాల్కమ్ సేయర్‌ది, ఇంజను 12 సిలిండర్లది. ఉన్నది ఒక్కటే కారు. 1966లో నడిచింది. ఈలోగా కంపెనీ మరో సంస్థలో కలిసింది, పందెం నియమాలు మారాయి. ఒక్క పందెంలోనూ దిగకుండానే అది గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది. 1971లో ప్రచార చిత్రం కోసం బయటికి తీస్తే, పరీక్షల డ్రైవరు నార్మన్ డ్యూయిస్ చేతిలో ఉండగా చక్రం విరిగి పల్టీలు కొట్టింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. కారును తరవాత మళ్లీ కట్టారు.

ఇటలీలో బెర్టోనె సంస్థలో మార్చెల్లో గాందీని అనే కుర్రవాడు 1968లో ఆల్ఫా రొమెయో కరాబో గీశాడు. కత్తెరలా పైకి లేచే దాని తలుపులు తరవాత లంబోర్గిని కౌంటాష్‌కు వచ్చి లోకమంతా పాకాయి. 1970లో ఆయనే గీసిన స్ట్రాటోస్ జీరో ఎత్తు 84 సెంటీమీటర్లే. అద్దం ఎత్తి అందులోంచే లోపలికి దిగాలి. నూచ్చో బెర్టోనె దాన్ని లాన్సియా కార్యాలయానికి తోలుకెళ్లినప్పుడు గేటు దగ్గర అడ్డుకర్ర లేపే పని పడలేదట. కింద నుంచే దూరిపోయింది. జీరో షోరూంకు రాలేదు కానీ, ఆ దారిలో వచ్చిన లాన్సియా స్ట్రాటోస్ 1974, 75, 76 మూడేళ్లూ ప్రపంచ ర్యాలీ కిరీటం గెలిచింది.

సి111 కూడా వృథా పోలేదు. 1976 జూన్‌లో అదే ఒంట్లో వాంకెల్ తీసి, అయిదు సిలిండర్ల డీజిల్ ఇంజను పెట్టారు. మామూలు కార్లో 80 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజనుకు టర్బో తగిలించి 190 రాబట్టారు. టాక్సీలకూ ట్రాక్టర్లకూ తప్ప పనికిరాదనుకున్న డీజిల్! ఇటలీ మడమ దగ్గర నార్దోలో, 12 కిలోమీటర్లకు పైబడిన గుండ్రటి బాట మీద, నలుగురు డ్రైవర్లు వంతులవారీగా 60 గంటలు తోలారు. సగటు వేగం గంటకు 252 కిలోమీటర్లు. 16 ప్రపంచ రికార్డులు పడ్డాయి. రెండేళ్లకు, 1978లో, ఆ ఇంజను టర్బోతో సహా, షోరూంలో అమ్మే 300 ఎస్‌డీ అనే కారులోకి వచ్చింది. ఈ రోజు మన ఊళ్ల మీదుగా పోయే టర్బో డీజిల్ కార్లన్నీ ఆ వంశానివే.

తరవాతి మూడు దశాబ్దాలు నన్నంతగా పట్టుకోలేదు. 2010 దగ్గర మళ్లీ ఆగాను. అప్పటికి టాటాల చేతికి వచ్చిన జాగ్వార్, పారిస్‌లో సీ-ఎక్స్75 చూపించింది. 250 కార్లు చేస్తామని మరుసటి ఏడాది ప్రకటించి, 2012 డిసెంబరులో మానుకుంది. 2015 నాటి జేమ్స్ బాండ్ చిత్రం స్పెక్టర్‌లో విలన్ మనిషికి ఆ కారు దక్కింది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఇప్పుడు చాలా ‘భవిష్యత్తు కార్లు’ తెర మీది బొమ్మలుగా పుట్టి తెర మీదే పోతున్నాయి. నిలబెట్టినవాటిలోనూ లైట్లే తప్ప పరుగు లేనివి ఎక్కువ. ఊలెన్‌హౌట్ కాలంలో ప్రశ్న అడగాలంటే కారే కట్టేవాళ్లు. దాన్ని రోడ్డు మీద తోలి, అది కాదంటే ఒప్పుకునేవాళ్లు. కాదన్న జవాబుకూ అంత ఖర్చు పెట్టడమే ఆ తరం గొప్పదనం. దాన్ని మనం పోగొట్టుకున్నాం.

మళ్లీ ఆ చెక్కుల దగ్గరికి వస్తాను. 2022 మే 5న స్టట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో, పిలిచిన కొద్దిమంది ముందు, రెండు ఊలెన్‌హౌట్ కూపేల్లో ఒకదాన్ని వేలం వేశారు. 13.5 కోట్ల యూరోలు పలికింది. మన డబ్బులో దాదాపు 1,100 కోట్లు. లోకంలో అప్పటిదాకా ఏ కారుకూ అంత ధర రాలేదు. పందెంలో దిగనిది, షోరూంలో నిలవనిది! ఖాళీ చెక్కు మీద రాయాల్సిన అంకె చివరికి అలా తేలింది. ఆ డబ్బుతో పర్యావరణ శాస్త్రం చదివే, కర్బనం తగ్గించే మార్గాలు వెతికే యువతకు ఉపకార వేతనాలిచ్చే నిధి పెట్టారు.

ఆ కార్లు మొదటినుంచీ పుట్టింది నేర్చుకోవడానికే. వాటిలో ఒకటి ఇన్నాళ్లకు ఎవరో పిల్లల ఫీజు కడుతోంది.