మాటలతో ఆటలాడిన కథలు

కథ అంటే నీతి చెప్పేదో, కన్నీరు పెట్టించేదో అనుకుంటాం. కాని మాటతో ఆడుకోవటం కూడా కథకు పాత అలవాటే. దండి సంస్కృతంలో రాసిన ‘దశకుమారచరిత్ర’లో మంత్రగుప్తుడికి ప్రియురాలి పంటిగాటు వల్ల పెదవి నొప్పి. అందుకని ప, బ, మ వంటి పెదవులు కలిసే అక్షరాలు లేకుండానే తన కథంతా చెబుతాడు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు.

మనం రాబిగ్‌లో రోజూ వినే అరబ్బీకీ ఈ సరదా ఉంది. 1122లో కన్నుమూసిన బస్రా పండితుడు అల్ హరీరీ రాసిన 50 ‘మఖామాత్’లలో అబూ జైద్ అనే మాటకారి ఊరూరా తిరిగి, మాటలతోనే జనాన్ని బోల్తా కొట్టిస్తాడు. వాటిలో చుక్క ఉన్న అక్షరం ఒక్కటీ రాకుండా సాగే ప్రసంగం కూడా ఉంది.

ఆ అబూ జైద్‌కు తెలుగునాట ఒక తమ్ముడున్నాడు. అతడే అప్పుల అప్పారావు! ముళ్ళపూడి వెంకటరమణ గారి (1931–2011) ‘ఋణానందలహరి’ కథల్లో అప్పు చేయటం ఒక కళ. ‘శివానందలహరి’ని గుర్తుచేసే ఆ పేరు దగ్గరే నవ్వు మొదలవుతుంది. ఆయనే బేతాళ కథల చట్రంలో రాజకీయాలను కూర్చోబెట్టి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ రాశారు. గురజాడ వారి గిరీశాన్ని మళ్ళీ పిలిచి సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు. పాత పాత్రలో కొత్త పులుసు పోయటమే ఆయన ప్రయోగం.

అన్నిటికంటే పెద్ద ప్రయోగం 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో బాపు గారి బొమ్మలతో వచ్చిన ‘బుడుగు’. 1910లో ‘దిద్దుబాటు’తో గురజాడ వాడుక భాషను కథలోకి తెచ్చారు. గిడుగు రామమూర్తి గారు దానికోసం జీవితాంతం పోరాడారు. ఆ వాడుక భాష బుడుగు దగ్గరకొచ్చేసరికి పసివాడి నోటి దాకా చేరింది. రచయిత తప్పుకున్నాడు, పిల్లవాడే మాట్లాడాడు. శ్రీకాళహస్తి అమ్మవారైన జ్ఞానప్రసూనాంబ పేరు పెట్టుకున్న చిన్నపిల్ల, వాడి నోట ‘సీగానపెసూనాంబ’ అయింది. ఈ ఒక్క మాటను ఏ భాషలోకి అనువదించగలం?

మన చిక్కు కూడా అక్కడే ఉంది. పరాయిదేశంలో పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నీతికథను ఇంగ్లీషులో చెప్పినా నీతి మిగులుతుంది. ఇలాంటి కథలో భాష పోతే కథే పోతుంది. అయితే ఒక అదృష్టం కూడా ఉంది. ఇవి చెవితో వినదగ్గ కథలు. అక్షరాలు రాని పిల్లలు కూడా విని నవ్వగలరు.

కనుక ఈ పండుగకు పిండివంటలతో పాటు ఒక కథ కూడా వడ్డిద్దాం. సెలవు రోజు సాయంత్రం అమ్మో నాన్నో పైకి చదవాలి, పిల్లలు వినాలి. ఎందుకు నవ్వామో వాళ్ళడిగితే విప్పి చెప్పాలి. ఆ నవ్వు కోసమైనా రేపు వాళ్ళు అ ఆలు దిద్దుతారని ఆశిద్దాం.