గ్రాండ్ బజార్ నుంచి గూబెర్ మార్కెట్ దాకా: ఈ అంగడి ఎవరిది?

పుదుచ్చేరి పాత పట్టణం నడిబొడ్డున, నెహ్రూ వీధికి ఆనుకొని గూబెర్ మార్కెట్ ఉంది. ఫ్రెంచివారు దానిని గ్రాండ్ బజార్ అన్నారు. ఊరివారు పెరియ మార్కెట్ అంటారు. తమిళ రాతలో గూబెర్ పేరు ‘కుబేర్’ అయింది. ధనాధిపతి పేరు పడిన ఆ అంగట్లో చేపలమ్మే మహిళలు, పూల వర్తకులు, కూరగాయల వ్యాపారులే ప్రధానంగా కనిపిస్తారు. ఒక అంగడికి ఇన్ని పేర్లు రావడం వెనుక ఒక పట్టణపు రాజకీయ చరిత్ర ఉంది.

1761లో ఆంగ్లేయులు ఈ పట్టణాన్ని నేలమట్టం చేశారు. 1765 తరువాత ఫ్రెంచివారు దానిని తిరిగి కట్టుకున్నారు. కాలువకు తూర్పున తెల్లవారి నివాసాలు, పడమట స్థానికుల వీధులు వెలిశాయి. అంగడి ఉన్నది ఈ పడమటి భాగంలోనే. డూప్లే దుబాసి ఆనందరంగ పిళ్ళై ఇల్లు కూడా ఆ సమీపంలోనే ఉంది. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితం పొందిన ఆ వర్తకుని పేరు తెలుగు సాహిత్యానికి పరిచితమే.

1880 డిక్రీతో ఫ్రెంచి ఇండియాలో ఎన్నికైన మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. నాటి ఓటర్ల జాబితాలు సమానత్వాన్ని పాటించలేదు. ఐరోపావారికి వారి సంఖ్యకు మించిన ప్రాతినిధ్యం దక్కింది. అయినా పట్టణ వ్యవహారాలకు ఒక ప్రజావేదిక ఏర్పడిందన్నది వాస్తవం. 1954 మార్చిలో, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే భారత్‌లో విలీనం చేయాలని పుదుచ్చేరి మేయరు, పరిసర కమ్యూన్ల మేయర్లు తీర్మానించారు. అంతవరకు ఫ్రెంచి పక్షాన నిలిచిన ఎదువార్ గూబెర్ విలీనవాదిగా మారిన ఘట్టం కూడా అదే. ఆ ఏడాది నవంబర్ 1న పాలన చేతులు మారింది. 1963లో గూబెర్ ముఖ్యమంత్రి అయ్యారు. డూప్లే వీధి నెహ్రూ వీధి అయినట్లే గ్రాండ్ బజార్ గూబెర్ మార్కెట్ అయింది.

పాలకులు మారినా, పేర్లు మారినా అంగడి స్వభావం మారలేదు. చుట్టూ వీధుల్లో పెద్ద షోరూములు వచ్చాయి. లోపల మాత్రం చిన్న దుకాణాలు, గంపల వ్యాపారం కొనసాగాయి. 2017లో పుదుచ్చేరి స్మార్ట్ సిటీల జాబితాలో చేరాక, పాత కట్టడాన్ని కూల్చి కొత్త సముదాయం నిర్మించాలన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. వర్తకులను తాత్కాలికంగా ఎ.ఎఫ్.టి. మిల్లు మైదానానికి తరలించాలన్నారు. 1898 నాటి ఆ మిల్లు 2020లో మూతపడింది. ఒక ఉపాధి ఆరిపోయిన చోటికి మరో ఉపాధిని తరలించమనడమే అది. ఒకసారి ఖాళీ చేస్తే తిరిగి చోటు దక్కుతుందా అన్నది వర్తకుల భయం. అందుకే వారు ప్రతిఘటించారు.

మురుగు పారని, ఇరుకైన మార్కెట్‌కు మరమ్మతు అవసరమే. నిర్ణయం ఎవరిదన్నదే ప్రశ్న. పుదుచ్చేరిలో 1968 తరువాత స్థానిక ఎన్నికలు 38 ఏళ్లకు, 2006లో జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిసింది. 2021లో ప్రకటించిన ఎన్నికలు రిజర్వేషన్ల వివాదంలో నిలిచిపోయాయి. అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఇక్కడ కాగితానికే పరిమితమైంది. తెలుగువారి యానాం మునిసిపాలిటీదీ ఇదే గతి.

వలస పాలనలో ఎన్నికైన మేయర్లు ఒక దేశంతో విలీనం కోరుతూ తీర్మానం చేయగలిగారు. స్వతంత్ర భారతంలో వారి వారసులకు ఒక అంగడి భవిష్యత్తుపై చర్చించే సభ కూడా లేదు. ఒక మేయరు పేరు మోస్తున్న మార్కెట్ గతిని అధికారులు తేల్చవలసి రావడం పట్టణానికి గౌరవం కాదు. కొత్త కట్టడానికి పునాది తీసేముందు పుదుచ్చేరికి కావలసింది మునిసిపల్ ఎన్నిక.