గంజాము చీలిన నాడు

వంశధార సముద్రమున గలియు చోట నిలిచి చూచువారికి కళింగపట్నమను పేరే ఒక చరిత్రగా తోచును. ఎగువన శాలిహుండపు బౌద్ధస్తూపములును, మరింత ఎగువన గాంగులేలిన ముఖలింగమును గల ఈ నదీతీరమున తెలుగును ఒడియాయు తరతరములుగా ఇరుగుపొరుగై మెలగినవి. ఆంగ్లేయుల యేలుబడిలో ఈ రేవు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు జెందియుండెను.

1903లో మధుసూదన దాసు నెలకొల్పిన ఉత్కళ సమ్మిళని ఒడియా ప్రాంతములన్నియు ఒక్క పాలనలోనికి రావలెనని కోరగా, 1913లో బాపట్లలో కూడిన ఆంధ్ర మహాసభ తెలుగువారికి వేరొక రాష్ట్రమును గూర్చి తలపోసెను. ఆ రెండు కోరికలును గంజాములో ఎదురుపడినవి. 1924లో ఫిలిప్, డఫ్ అను అధికారులు విచారణ జరిపి, చదువుకొన్న ఒడియావారి ఏకీకరణాభిలాష నిజమైనదేయని తేల్చిరి. దానికి మూలము భాషాభిమానమొక్కటియే కాదు. కచేరీలలోను బడులలోను తెలుగువారి సంఖ్యాధిక్యమున తమ బిడ్డలు వెనుకబడిపోవుదురను భయము. రేపు ఒరిస్సాలో జేరినచో తమ గతియు అంతే యగునని బరంపురములోను పర్లాకిమిడిలోను తెలుగువారు తల్లడిల్లిరి. ఇరుపక్షముల వారును ఒక్క భయమునే రెండు భాషలలో చెప్పుకొనిరనుటయే నా నిశ్చితాభిప్రాయము.

1931లో నియుక్తమైన ఓడొనెల్ సంఘము హద్దులను పరిశీలించెను. రౌండ్ టేబుల్ సమావేశమున ఒరిస్సా పక్షమున వాదించిన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి జమీనును 1933 నాటి శ్వేతపత్రము ఒరిస్సాకు వెలుపల నుంచగా, పిమ్మట అది రెండుగా చీల్చబడెను. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాలో జేరెను. చికాకోలు, టెక్కలి తాలూకాలు, వానితో కళింగపట్నము, విశాఖపట్టణము జిల్లాలో గలిసి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాగా వేరుపడినవి.

ముఖలింగమునకు చేరువ పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల నడుమ మసలి వారి భాష నేర్చి, దానికి వ్యాకరణము రచించిన గిడుగు రామమూర్తి పంతులు, తన ఊరు ఒరిస్సాలో జేరుటను సహింపలేక, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున దానిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. ఆయన కాలినడకన దిరిగిన సవర కొండలు నేడును ఆ గీతకు ఇరువైపుల నున్నవి.