కొవ్వు గడ్డ: కోయించుకోవాలా, వదిలేయాలా?

సూరత్: తెలంగాణ నుంచి వెళ్లిన నేత కార్మికుల కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో చాలా ఏళ్లుగా స్థిరపడి ఉన్నాయి. భుజం మీద లేచిన మెత్తని ఉబ్బును అక్కడి వైద్యులు గుజరాతీలో ‘చర్బీ నీ గాంఠ్’ అంటారు. సంస్కృత ‘గ్రంథి’ నుంచి వచ్చిన ‘గాంఠ్’కు ముడి అని అర్థం. క్యాన్సర్ కణితికీ అదే మాట వాడతారు. తెలుగులోనూ సెగగడ్డ, కొవ్వు గడ్డ, క్యాన్సర్ గడ్డ అన్నీ గడ్డలే. రోగి భయంలో కొంత ఈ మాటలోనే ఉంది.

వైద్యశాస్త్రం దీనిని లైపోమా అంటుంది. చర్మం కింద కొవ్వు కణాలు పలుచని పొరలో గుమిగూడి ఏర్పడే నిరపాయకరమైన కణితి ఇది. సాధారణంగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య బయటపడుతుంది. వేలితో నొక్కితే మెత్తగా పక్కకు జారుతుంది. నొప్పి ఉండదు, పెరుగుదల ఏళ్ల తరబడి సాగుతుంది. మేదస్సు వల్ల పుట్టే గ్రంథిని సుశ్రుత సంహిత కూడా వర్ణించింది. శరీరం పెరిగితే అది పెరుగుతుందని, తగ్గితే తగ్గుతుందని చెప్పింది. ఈ రెండో మాటను నేటి వైద్యం అంగీకరించదు. ఒళ్లు తగ్గినా లైపోమా కరగదు. పూతలు, మర్దనలు కూడా దానిని కరిగించలేవు.

నొప్పి లేని చిన్న లైపోమాను కోయించుకోవలసిన అవసరం లేదు. ‘ఇప్పుడు వదిలేస్తే రేపు క్యాన్సర్ అవుతుంది’ అన్న మాటే చాలామందిని శస్త్రచికిత్సకు తొందరపెడుతుంది. లైపోమా క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. అసలు ప్రమాదం మరొకటి: లైపోసార్కోమా అనే క్యాన్సర్ కణితిని మామూలు కొవ్వు గడ్డగా పొరబడటం. అందువల్ల మొదట తేల్చుకోవలసింది ఆ గడ్డ నిజంగా లైపోమాయేనా అన్నది.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కొద్ది నెలల్లోనే గబగబా పెరిగినా, గట్టిగా ఉండి కదలకపోయినా, కండరాల లోతున ఉన్నా, కొత్తగా నొప్పి మొదలైనా, ఒకసారి తీసిన చోటే మళ్లీ వచ్చినా జాప్యం తగదు. తొలుత అల్ట్రాసౌండ్, పెద్దవైనా లోతైనవైనా ఎంఆర్ఐ, అనుమానం మిగిలితే ముక్క పరీక్ష చేస్తారు. నొప్పి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కరలేదు. రక్తనాళాలు ఎక్కువగా ఉండే యాంజియోలైపోమా నిరపాయకరమైనదే అయినా నొప్పి పెడుతుంది.

పరీక్షలో లైపోమా అని తేలాక నిర్ణయం రోగిదే. గడ్డ నరాన్ని ఒత్తుతున్నా, బరువు మోసే భుజం మీద ఒరుసుకుంటున్నా, నుదుటి మీద ఉండి మనసును బాధిస్తున్నా తీయించుకోవడం సబబే. అయితే గడ్డ పోయిన చోట మచ్చ మిగులుతుంది. భుజం, ఛాతీ, వీపు పైభాగాల్లో కొందరికి ఆ మచ్చ కీలాయిడ్‌గా ఉబ్బి, మునుపటి గడ్డకన్నా ఎబ్బెట్టుగా కనిపించవచ్చు. మెడ వెనుక గడ్డలు చుట్టూ ఉన్న గట్టి కణజాలంలో చిక్కుకొని ఉంటాయి. వాటిని తీయడం పైకి కనిపించినంత తేలిక కాదు.

చిన్న గడ్డకు ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, పొరతో సహా తీసివేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళతారు. పొర పూర్తిగా వస్తే గడ్డ తిరిగి రావడం అరుదు. లైపోసక్షన్‌లో కోత చిన్నదే గానీ, పొర మిగిలిపోయే అవకాశం ఎక్కువ. రక్తస్రావం, చీము, గాయంలో నీరు చేరడం ఏ పద్ధతిలోనైనా ఉండగల ఇబ్బందులు. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. భుజానికి, వీపుకు వేసిన కుట్లు విప్పడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. పనిచేసిన రోజుకే కూలి దక్కే మగ్గం కార్మికుడికి శస్త్రచికిత్స ఖర్చుతో పాటు ఈ రోజుల లెక్క కూడా ముఖ్యమే.

సూరత్‌లో ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రిలోనూ, నగరపాలక సంస్థకు చెందిన స్మిమేర్ ఆసుపత్రిలోనూ శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ కార్డు సొంత రాష్ట్రంలో తీసుకున్నదైనా, పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయితే అందం కోసం చేసే శస్త్రచికిత్సలు, చేరిక అవసరం లేని చికిత్సలు ఆ పథకం పరిధిలోకి రావు. తమ గడ్డ ఏ కోవలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

తీసిన గడ్డను ప్రయోగశాలకు పంపారో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. కుట్లు విప్పించుకొనే రోజునే ఆ నివేదికను చేతికి తీసుకోవడం మేలు.