దివిసీమ: గ్రీకులెరిగిన తీరం

గ్రీసు దేశపు దీవుల ఛాయాచిత్రాలు చూచి మురిసిపోయే మన పిల్లలకు, ఆ గ్రీకులే ఒకనాడు మన తీరాన్ని గురించి వ్రాసుకొన్న సంగతి చెప్పాలనిపించింది.

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు రేవులనుండి వర్తకం చేసిన ఒక గ్రీకు నావికుడు, ఎరిత్రియన్ సముద్రపు 'పెరిప్లస్' అనే గ్రంథంలో ఈ తీరాన్ని 'మసాలియా' అన్నాడు. ఇక్కడ నూలువస్త్రాలు విరివిగా నేస్తారని వ్రాశాడు. 2వ శతాబ్దపు టాలెమీ 'మైసోలియా' అన్నాడు. (మచిలీపట్నం పేరును దీనితో ముడిపెట్టేవారున్నారు. ధ్వనిసామ్యం ఒక్కటే చాలదని నా అభిప్రాయం.) టాలెమీ పేర్కొన్న రేవుల్లో 'కంటకోస్సుల' మన ఘంటసాలే. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసనంలోనూ ఈ ఊరు కంటకసోలగా కనబడుతుంది. ఘంటసాల శాసనమొకటి శివకుడనే మహానావికుని పేర్కొంటుంది. నేడక్కడ చుట్టూ వరిచేలు. సముద్రం ఆమడకు పైగా దూరం. మహానావికుడు తిరిగిన ఊరికి ఓడ రాదు. కృష్ణమ్మ ఏటేటా తెచ్చిన ఒండ్రు నేలను ముందుకు నెట్టుకుపోయింది.

అలా నెట్టుకొచ్చిన నేలలోనిదే దివిసీమ. పులిగడ్డవద్ద నది రెండుగా చీలగా, ఆ పాయల నడుమ నిలిచిన భూమి. సంస్కృత 'ద్వీపం' ప్రాకృతంలో 'దీవ' అయి, తెలుగున దీవి, దివి అయింది. ఇక్కడి ఊళ్ళపేర్లు చదివితే చాలు, భూగోళపాఠం అక్కరలేదు. నది ఒండ్రు పేరుకొన్నచోట లంక: నాగాయలంక. ఇసుక మేటవేసినచోట తిప్ప: పాలకాయతిప్ప. గుట్టగా లేచినచోట దిబ్బ: ఎలిచెట్లదిబ్బ. ఇక హంసలదీవిలో దీవి ఉండనే ఉన్నది. ఇన్ని తీరుల తీరం ఒక్క సీమలో ఉండటం సామాన్యం కాదు. అవనిగడ్డ పరిసరాల్లో కాలువగట్లు, పచ్చని చేలు. కోడూరు దాటి హంసలదీవికి పోతే వేణుగోపాలస్వామి ఆలయం, ఆపైన సాగరసంగమం. నాగాయలంక దాటితే ఎదురుమొండి మొదలైన చిన్నదీవులు, బురదనేలల్లో మడ అడవులు, వాటిలో నీటిపిల్లులు. మాఘపౌర్ణమినాడు సంగమస్నానానికి జనం తండోపతండాలుగా వస్తారు.

18వ శతాబ్దంలో ఫ్రెంచివారు బందరుతోపాటు దివినీ సంపాదించారు. 1759లో ఆంగ్లేయులు బందరుకోటను పట్టుకోగానే అదీ చేజారింది. దొరలు మారినా ఇక్కడి అసలు ప్రభువు సముద్రుడే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి, ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు ఆనాడు దేశమంతటికీ తెలిసినవి అందువల్లనే. ఆ పేర్లను విహారానికిగా తలచుకొనేవారు, ఇదీ తలచుకోవాలి.

మడచెట్ల వేళ్ళు అలల తాకిడిని అణచుతాయి, ఒండ్రును పట్టి ఉంచుతాయి. 1990లలో రొయ్యలచెరువుల మోజులో వాటిని కొట్టివేసిన వారు మనవారే. పైన నాగార్జునసాగరం, శ్రీశైలం కట్టిన తరువాత నదిలో దిగివచ్చే ఒండ్రు బాగా తగ్గింది. ఆ జలాశయాలు కోట్లమందికి అన్నం పెట్టాయి, కాదనను. కానీ రెండువేల ఏళ్ళు నేలను ముందుకు నడిపిన నది ఇప్పుడు ఆ పని మానివేసింది. ఎదురుమొండివైపు తీరం కోతకు గురవుతున్నది. ఘంటసాలనుండి దూరంగా జరిగిన సముద్రం, ఇక్కడ మెల్లగా వెనక్కు వస్తున్నది.