పట్నం కూడా ఒకప్పుడు బయటికే పోయింది



తార్నాకలో చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు అంటనే ఉంటరు: "మీ గూడేలల్ల ఇంకా చెంబు పట్టుకొని బయటికే పోతరట కదా!" మనం నవ్వి ఊకుంటం. ఈసారి ఈ పట్నం చరిత్రే కొంచెం తవ్వి చూద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. మరుసటి ఏడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరదకు చెరువులు కట్టమని చెప్పి ఊరుకోలేదు, పట్నానికి భూగర్భ డ్రైనేజీ కూడా కావాలన్నాడు. అప్పటిదాకా మురుగు మూసీలోకే పోయేది. లెట్రిన్ ఉన్న ఇండ్లలో కూడా మలాన్ని గంపకెత్తి మోసింది మనుషులే, ఎక్కువగా దళిత ఆడవాళ్లే. ఆ పనిని నిషేధిస్తూ చట్టం 1993లో గానీ రాలేదు. అది చాలక 2013లో ఇంకోటి తేవాల్సి వచ్చింది. దీని మీద కొట్లాడినవాళ్లలో మన ఎస్.ఆర్. శంకరన్ సారు కూడా ఉన్నారు.

1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చినయి. నీళ్లు, పైపులు, డ్రైనేజీ వచ్చిన బస్తీల్లో అలవాటు మారింది. ఎవరూ ఎగతాళి చేస్తే మారలేదు.

మరి మన తాతలు? పోడుతో పాటు గూడెం కూడా జరిగేది, అడవి విశాలం, ఇండ్లు కొన్నే. సర్కారు రిజర్వు ఫారెస్టు గీతలు గీసినంక గూడెం ఒక్కచోట ఆగింది. మలం కూడా అక్కడే ఆగింది. తొలకరి వానకు అది వాగులోకి, చెలిమెలోకి దిగుతది. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు అట్లా వస్తయి. వానకాలంలో మన వాళ్లను ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి దాకా మోసుకొచ్చినోళ్లం మనలోనే ఉన్నం.

ఇంకోటి కండ్లకు కనబడదు. కొంకిపురుగు పిల్లలు మలం పడ్డ తడి నేలలో పెరిగి, చెప్పుల్లేని కాలి చర్మం గుండానే ఒంట్లోకి పోతయి. పేగుకు అతుక్కొని రక్తం తాగుతయి. మన అక్కచెల్లెండ్ల రక్తహీనతకు తిండి ఒక్కటే కారణం కాదు. కూనూరులో 1918లో పుట్టి, 1958లో తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన క్యాంపస్ పక్కనే ఉంది, రక్తహీనత వాళ్ల పాత పాఠమే.

2019 అక్టోబరు 2న పల్లెలన్నీ బహిర్భూమి లేనివైపోయినయని ప్రకటించారు. మా గూడెంలో ఆ లెట్రిన్లలో కట్టెలు పెట్టుకున్నరు. ఎండాకాలం బోరింగు కాడ రెండు బిందెల కోసం నిలబడే అమ్మ, అందులో ఒకటి లెట్రిన్‌లో ఎట్ల పోస్తది?

ఈ సెలవులకు ఊరికి పోయినోళ్లు బోరింగుకూ లెట్రిన్‌కూ మధ్య దూరం అడుగులతో కొలుచుకొని రండి. గూడెం పేరుతో సహా ఇక్కడ రాయండి.